పుట్ట తేనెటీగ తన ఒళ్లు తానే దులుపుకుంటుంది, మనం దాని చెయ్యి పడగొట్టకుండా ఉందాం

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. నిమ్మ, బత్తాయి తోటలున్నోళ్లు, తేనెటీగల పెట్టెలు తెచ్చుకుందామని లెక్కలేసుకుంటున్నోళ్లు చివరిదాకా చదవమని మనవి.

పోయిన వారం మా ఊళ్లో ఒక తోట గట్టున పాత చీమల పుట్టలో తేనెటీగలు చేరినాయి. తోటాయన నాకు వరసకి అన్న అవుతాడు. "రాత్రికి కాస్త పెట్రోలు పోసి అంటించేస్తా తమ్ముడా, కూలోళ్లు భయపడతా ఉండారు" అన్నాడు. ఆ మాటలోనే ఇంకో మాట కూడా అన్నాడు. "ఎట్టాగూ వచ్చే పూతకి ఇటాలియన్ ఈగల పెట్టెలు పది తెప్పిస్తున్నా. ఈ నాటు ఈగలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆయనకి అక్కడే కొంత చెప్పినా. ఒక్క ఆయనకి చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు వైపు గానీ, ఇటు ఆత్మకూరు, మర్రిపాడు, అనంతసాగరం వైపు గానీ యాడ చూసినా ఇదే మాట వినపడతా ఉంది. నాటు ఈగ పనికిరాదు, బయటి ఈగే మేలు అని. నా అభిప్రాయం దానికి అడ్డం. కారణాలు చెప్తా, విని మీరే తేల్చండి.

ముందు మన చుట్టూ ఉన్న ఈగలేందో చూద్దాం. కొండల్లో బండలకీ, పెద్ద పెద్ద చెట్లకీ ఒకే పెద్ద పట్టు పెట్టేది పెద్దీగ. దాన్ని పెట్టెలో పెంచలేం. కంపల్లో, చిన్న కొమ్మలకి అరచేతంత పట్టు పెట్టేది చిన్నీగ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడ సందుల్లో వరసగా ఏడెనిమిది పట్లు పెట్టేది పుట్ట తేనెటీగ, కొందరు తొర్ర ఈగ అంటారు. ఇది చీకట్లో గూడు కట్టుకునే ఈగ కాబట్టి పెట్టెలో కూడా ఉంటుంది. నాలుగోది ఇటాలియన్ ఈగ, యూరప్ జాతి. ఇది మన దేశానిది కాదు. 1962లో కాంగ్రా జిల్లా నగ్రోటాలో దీన్ని నిలదొక్కుకునేట్టు చేసినారు. పంజాబ్, హర్యానాలో బాగా పెరిగి, తర్వాత దక్షిణాదికీ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. తేనెటీగకి ఒక నల్లి ఉంది. మన నిమ్మకాయ మీద మంగు తెచ్చే నల్లి, మిరపలో తెల్లనల్లి మనకి తెలుసు. అట్టాంటి నల్లి జాతిదే ఇదీ, కాకపోతే కంటికి కనపడేంత పెద్దది. పేరు వరోవా. ముదురు ఎర్ర రంగులో, ఎండ్రకాయ డిప్పలాగా చపటగా, అడ్డంగా ఒకటిన్నర మిల్లీమీటరుంటుంది. ఆవగింజ కంటే కాస్త చిన్నది. చిన్నదే గదా అనుకోబాకండి. ఈగ ఎంతుంది, దాని మీద ఇదెంతుందో చూడండి. మన ఒంటికి అన్నం తినే పళ్లెమంత పిడుదు అతుక్కుంటే ఎట్టా ఉంటుందో అట్టా ఉంటుంది దానికి.

ఈ నల్లి ఈగ పొట్ట కింద పలకల సందులో దూరి లోపలి కొవ్వు తింటుంది. రక్తం లాంటి ద్రవం తాగుతుందని చాలాకాలం అనుకున్నారు. ఎక్కువగా తినేది కొవ్వు కణజాలాన్నేనని 2019లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చినారు. ఆ కొవ్వే ఈగకి బలం, రోగం తట్టుకునే శక్తి, విషాన్ని విరిచే శక్తి. అది పోతే ఈగ డొల్ల అయినట్టే. దానికి తోడు ఈ నల్లి ఈగ నుంచి ఈగకి వైరస్‌లు అంటిస్తుంది. రెక్కలు ముడుచుకుపోయి, నలిగిన కాగితం మాదిరి రెక్కలతో పుట్టే ఈగలు ఇటాలియన్ పెట్టెల ముందు పాకుతా కనపడతాయి. అది నల్లి తెచ్చిన వైరస్ పని.

నల్లి పిల్లలు పెట్టేది పట్టులోని పిల్ల గదుల్లో. పురుగు ఎదిగి, పనీగలు గదికి మైనం మూత వేసే ముందు తల్లి నల్లి లోపలికి దూరుతుంది. మూత పడినాక లోపలే గుడ్లు పెట్టి, ఈగ పిల్లని పీలుస్తా సంసారం చేస్తుంది. ఈగ బయటికొచ్చేటప్పుడు దాంతోపాటే తల్లీ పిల్లలూ బయటికొస్తాయి. మన పశువుకి పిడుదులు పడితే పైకి కనపడతాయి, ఏరి పారేస్తాం. ఇది మూతలేసిన గదిలో పెరుగుతుంది కాబట్టి పెట్టె తెరిచినా కనపడదు.

ఈ నల్లి సొంత ఊరు ఆసియానే. ఎన్ని వేల ఏళ్లుగానో మన పుట్ట తేనెటీగ జాతి మీదే బతుకుతా ఉంది. 1904లో జావా దీవిలో మొదటిసారి దీన్ని గుర్తించినప్పుడు కూడా మన పుట్ట ఈగ జాతి మీదే చూసినారు. యూరప్ ఈగల్ని ఆసియాకి తెచ్చి రెండు జాతుల్నీ పక్కపక్కన పెంచడం మొదలైనాక ఇది దాటి వాటి మీదికెక్కింది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 1987లో అమెరికాలో కనపడింది. ఆస్ట్రేలియా చాలాకాలం కాపాడుకుంది. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవులో బయటపడింది. వేల పెట్టెల్ని చంపి కూడా ఆపలేక 2023 సెప్టెంబరులో ఇక నిర్మూలించడం మన వల్ల కాదని చేతులెత్తేసినారు.

అంత పెద్ద దేశాలు ఆపలేని నల్లితో మన గట్టు మీద పుట్టలో ఉండే ఈగ ఎట్టా నెగ్గుకొస్తా ఉంది? ఒక మందు లేదు, ఒక డాక్టరు లేడు. ఇది తెలిసినాకే నాకు ఆ ఈగ మీద గౌరవం పెరిగింది.

మొదటి పని, ఒళ్లు దులుపుకోవడం. నల్లి ఒంటి మీదికెక్కిందని తెలియగానే పుట్ట ఈగ చేస్తున్న పని ఆపేస్తుంది. ముందు కాళ్లతో, నడిమి కాళ్లతో ఒళ్లంతా గబగబా తుడుచుకుంటుంది. అందిన చోటుంటే నల్లిని పట్టి లాగి పారేస్తుంది.

రెక్కల మొదట్లోనో, నడుం సందులోనో ఉంటే కాలు అందదు. మన వీపు మనకి అందనట్టే. అప్పుడు ఆ ఈగ ఒళ్లు అటూ ఇటూ గడగడ ఊపుతుంది. చూసేదానికి చిందేసినట్టుంటుంది. శాస్త్రవేత్తలు కూడా దాన్ని నాట్యమనే అంటారు. అది పక్క ఈగల్ని పిలవడం. ఒకటో రెండో ఈగలొస్తాయి, ఒక్కోసారి నాలుగైదు చేరతాయి. పిలిచిన ఈగ రెక్కలు చాపి కదలకుండా నిలబడుతుంది. వచ్చినవి రెక్కల కింద, నడుం కాడ దవడలతో వెతుకుతాయి. నల్లి దొరికితే కొరికి పట్టుకుంటాయి. కాలు తెగిందో, డిప్ప పగిలిందో, ఇక ఆ నల్లి బతకదు. కింద పడేస్తాయి, లేకపోతే పట్టుకుపోయి గూటి బయట పారేస్తాయి.

మన ఇళ్లల్లో ఆడోళ్లు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునే కాలం మీకు గుర్తుందా? అచ్చం అదే. ఒకరికి అందనిది ఇంకొకరు తీస్తారు. ఒంటరిగా ఉండే ఈగ అయితే ఈ నల్లికి ఎప్పుడో లొంగిపోయేది.

ఇది నోటిమాట కాదు. 1987లో అచ్చయిన ఒక పరిశోధనలో పుట్ట ఈగ జాతి మీదా, యూరప్ ఈగ మీదా నల్లుల్ని వేసి చూసినారు. ఆసియా ఈగలు నిమిషాల్లోనే పని మొదలుపెట్టి దాదాపు అన్నిటినీ వదిలించుకున్నాయి. యూరప్ ఈగలు చాలామటుకు పట్టించుకోనేలేదు. తర్వాత వేరే చోట్ల చేసిన పరిశోధనల్లో అంత పెద్ద శాతం రాలేదు. అది కూడా చెప్పాలి. కానీ ఆసియా ఈగే ఈ పనిలో ముందుందన్న మాట మాత్రం నిలబడింది.

రెండో పని, పిల్ల గదుల్లో. మన పుట్ట ఈగ గూట్లో నల్లి ఎక్కువగా మగ ఈగల గదుల్లోనే పిల్లలు పెట్టగలుగుతుంది. పనీగల గదుల్లో దాని ఆటలు సాగవు. ఎందుకంటే నల్లి పట్టిన పనీగ పురుగు తట్టుకోలేక త్వరగా చచ్చిపోతుంది. ఆ వాసన పసిగట్టి పెద్ద ఈగలు మూత తీసి, పురుగునీ నల్లినీ కలిపి బయటికి ఈడ్చేస్తాయి. పురుగు బలహీనతే గూటికి బలమైంది. 2016లో ఈ సంగతి పరిశోధనగా వచ్చింది. ఒక బిడ్డ పోయినా గూడు నిలుస్తుంది. వినేదానికి కటువుగా ఉంటుంది, కానీ వాటి లెక్క అది.

మగ ఈగ గదుల సంగతి ఇంకో రకం. ఆ గది మూత గట్టిగా, నడిమధ్య చిన్న బెజ్జంతో ఉంటుంది. లోపల నల్లులు ఎక్కువై మగ ఈగ నీరసపడితే ఆ మూత తోసుకుని బయటికి రాలేదు. పనీగలు కూడా తెరవవు. లోపలే ఆ మగ ఈగతో పాటు నల్లులన్నీ సమాధి అయిపోతాయి. పైగా మగ ఈగలు ఏడాదంతా పుట్టవు. వాటి కాలంలోనే పుడతాయి. కాబట్టి నల్లికి పిల్లలు పెట్టే అదను కూడా కొన్నాళ్లే.

ఇన్ని కలిసి పనిచేస్తాయి కాబట్టే పుట్ట ఈగ గూట్లో నల్లి ఉన్నా గూడు పడిపోదు. నల్లి పూర్తిగా పోదు, ఈగా పోదు. రెండూ ఒక రాజీలో బతుకుతాయి.

ఇటాలియన్ ఈగకి ఈ విద్యలు అసలు రావా? వస్తాయి, కానీ తక్కువ. అది కూడా ఒళ్లు తుడుచుకుంటుంది, నాట్యం కూడా చేస్తుంది. కానీ నిదానం, పట్టుదల తక్కువ. దాని గూట్లో నల్లి మగ గదుల్లోనూ పెరుగుతుంది, పనీగల గదుల్లోనూ పెరుగుతుంది. అందుకే మందు పెట్టకుండా వదిలేస్తే చాలా పెట్టెలు రెండు మూడేళ్లలో ఖాళీ అవుతాయి. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఏం చేసినారో తెలుసా? పెట్టె అడుగున పడిన నల్లుల్ని ఏరి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, కాళ్లు తెగిన నల్లులు ఏ పెట్టెలో ఎక్కువున్నాయో చూసి, ఆ పెట్టెల రాణుల నుంచే సంతతి పెంచుకుంటా వచ్చినారు. నల్లి కాళ్లు కొరికే ఈగల్ని ఏళ్ల తరబడి ఏరి తయారు చేసుకున్నారు. వాళ్లు అంత కష్టపడి తెచ్చుకుంటున్న గుణం మన గట్టు మీద పుట్టలో ఊరికే ఉంది. దాన్ని మనం పెట్రోలు పోసి అంటిస్తా ఉన్నాం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు.

నాలుగేళ్ల కిందట మా నిమ్మతోటలో కొత్త చిగురు మీద పాముపొడ ఎక్కువైంది. ఆకులన్నీ ముడుచుకుపోతా ఉన్నాయి. అదే సమయంలో పూత కూడా విరగబూసి ఉంది. షాపులో అడిగితే ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చినారు. పూత మీద కొట్టొచ్చా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకి తోటంతా తడిపేసినా. ఈగలు ముమ్మరంగా తిరిగే టైమది.

మరునాడు పాదుల్లో నీళ్లు కట్టేదానికి పోతే చెట్ల కింద ఈగలు. చచ్చినవి కొన్ని. చావనివి ఇంకా బాధ. వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తా ఉన్నాయి. లేచి నిలబడతాయి, ముఖం తుడుచుకోబోయి మళ్లీ పడిపోతాయి. మా తోట చివర కానుగ చెట్టు తొర్రలో ఏళ్లుగా ఉండే గూడు నెల తిరిగేసరికి ఖాళీ. అవి చచ్చినాయో, లేచిపోయినాయో నాకు తెలీదు. మందుకీ దానికీ సంబంధం ఉందని నిరూపించలేను. కానీ ఆ ఏడాది వేరే ఏదీ మారలేదు, మారింది ఆ ఒక్క రోజు మందే.

తర్వాత చదివితే తెలిసింది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ ఒకే కుటుంబం మందులు. ఇవి పురుగు నరాల మీద పనిచేస్తాయి. మోతాదు ఎక్కువైతే ఈగ చస్తుంది, తక్కువైతే చావదు. చావనప్పుడు ఏం జరుగుతుందో కెనడాలో గెల్ఫ్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి 2019లో చెప్పినారు. చంపనంత తక్కువ మోతాదులో క్లోథియానిడిన్ తగిలినా ఈగ ఒళ్లు దులుపుకునే గుణం దెబ్బతింటుందని. వాళ్లు చూసింది యూరప్ ఈగని. నరాలు అన్ని ఈగలకీ నరాలే. ఈ మూడు మందుల్నీ ఆరుబయట పొలాల్లో వాడకుండా యూరప్ దేశాలు 2018లో నిషేధించినాయి. మన దగ్గర మందుల షాపుల్లో మామూలుగా దొరుకుతాయి.

నేను చెప్పదలుచుకుంది ఈ ఒక్క ముక్కే అన్నలారా. ఈగకి ఉన్న వైద్యం దాని కాళ్లు, దాని దవడలు, దాని పక్కనున్న ఈగలు. పూత మీద మందు కొట్టి మనం ఆ కాళ్లు పడగొడతాం. అప్పుడు నల్లి గెలుస్తుంది. ఈగ చచ్చింది నల్లితోనే అని మనం అనుకుంటాం. దానితో వేల ఏళ్లు నెగ్గుకొచ్చిన ఈగకి, మన డబ్బా దెబ్బకి మాత్రం విరుగుడు లేదు.

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్నలకి వస్తా. నన్నూ చాలామంది అడిగినారు.

"ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువిస్తుంది గదా?" నిజమే. బాగా చూసుకుంటే పెట్టెకి ఏడాదికి పాతిక, ముప్పై కిలోల దాకా తీస్తారు. పుట్ట ఈగ పెట్టెకి ఐదు నుంచి పది కిలోలే. కానీ ఆ ముప్పై కిలోలు మన నిమ్మతోటలో పెట్టె పెట్టి కూర్చుంటే రావు. పూత ఉన్న చోటికల్లా, పొద్దుతిరుగుడు కాడికి, ఆవాల కాడికి లారీల్లో పెట్టెలు తిప్పేవాళ్లకి వస్తాయి. పూత లేని రోజుల్లో చక్కెర పాకం పోయాలి, నల్లికి మందు పెట్టాలి. తేనె వ్యాపారమే చెయ్యాలనుకునేవాళ్లు అది నేర్చుకుని చెయ్యండి, నేను వద్దనను. మన ఎక్కువమందికి కావాల్సింది తేనె వ్యాపారం కాదు. పూత నిలవాలి, పిందె కట్టాలి. పుచ్చ, దోస, పొద్దుతిరుగుడు వేసినోళ్లకి ఈగ లేకపోతే పంటే సరిగా రాదు. ఆ పనికి పది మంది దగ్గర పది పుట్ట ఈగ గూళ్లుంటే చాలా మేలు.

"పుట్ట ఈగ నిలవదు, లేచిపోతుంది గదా?" అదీ నిజమే. మేత తగ్గితే, ఎండ ఎక్కువైతే, చీమలు పడితే, మైనపు పురుగు పట్టితే గూడు వదిలి పోతుంది. మైనపు పురుగు విషయంలో ఇది కాస్త బలహీనమే. నీడ, నీళ్లు చూపించి, పాత పట్లు ఎప్పటికప్పుడు తీసేస్తే చాలామటుకు ఆగుతుంది.

"నాటు ఈగకి అసలు రోగమే రాదా?" వస్తుంది. ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. 1991, 92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో పెట్టెల్లో పెంచే పుట్ట ఈగల్ని ఊడ్చిపెట్టేసింది. కేరళ, కర్ణాటక, తమిళనాడులో దాని మీద బతికే కుటుంబాలు రోడ్డున పడినాయి. ఇటాలియన్ ఈగ దక్షిణాదికి ఇంతగా రావడానికి అది కూడా ఒక కారణం. ఒళ్లు దులుపుకునే విద్య నల్లికి పనికొస్తుంది, వైరస్‌కి పనికిరాదు. పురుగు గదిలోనే నీళ్ల సంచి మాదిరి ఉబ్బి చచ్చిపోతుంది. కానీ అప్పుడు కూడా తట్టుకుని బతికిన గూళ్లున్నాయి. వాటి సంతతే మళ్లీ నిలదొక్కుకుంది. అడవిలో, గట్ల మీద, పుట్టల్లో ఎన్ని రకాల గూళ్లుంటే రేపు ఏ రోగమొచ్చినా బతికి బట్టకట్టేవి అన్ని ఉంటాయి. మనం కాల్చే ప్రతి గూడూ ఆ విత్తనంలో ఒక గింజ.

ఇంక నా దగ్గర తేలిన పద్ధతులు చెప్తా. పాటించేదీ లేనిదీ మీ ఇష్టం.

ఒకటి. గట్టు మీద, తొర్రలో గూడుంటే కాల్చబాకండి. కూలోళ్లకి ముందే చూపించి, ఆ నాలుగు గజాలు వదిలి పని చేయించండి. పుట్ట ఈగ తనంతట తాను వెంటపడి కుట్టే రకం కాదు, గూడు కదిలిస్తేనే కుడుతుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, తెలిసినోళ్లని పిలిచి పెట్టెలోకి మార్పించండి. పట్టుని చట్రానికి అరటి నారతో కట్టి, రాణి ఈగని పెట్టెలో వేస్తే మిగిలినవి వెనకే వస్తాయి. ఈ ఈగకి సరిపోయే చిన్న పెట్టె మన దక్షిణాదిలోనే పుట్టింది. 1910 ప్రాంతంలో తిరుచ్చి వైపు ఫాదర్ న్యూటన్ తయారు చేసినాడు. ఇప్పటికీ న్యూటన్ పెట్టె అనే అంటారు.

రెండు. తేనె తీసేటప్పుడు మా వైపు యానాది పెద్దలు చేసేది చూసి నేర్చుకోండి. మా తోటకొచ్చే ఒక పెద్దాయన కాస్త పొగ చూపించి, పట్టు పైభాగంలో తేనె ఉన్నకాడికే కోస్తాడు. కింద పిల్లలున్న భాగం ముట్టుకోడు. "పిల్లల్ని తింటే వచ్చే ఏడు ఏం తింటావు సామీ" అంటాడు. నల్లిని వదిలించే ఈగలు పుట్టేది కూడా ఆ పిల్లల గదుల్లోంచే.

మూడు. పూత మీద మందు కొట్టబాకండి. మొగ్గ విచ్చక ముందైనా, పూరేకులు రాలినాకైనా కొట్టండి. సాయంత్రం కొడితే చాలు అనేది అన్ని మందులకీ చెల్లదు. చెట్టు లోపలికి పాకే మందు పూవు తేనెలోకి, పుప్పొడిలోకి కూడా పోతుంది. సాయంత్రం కొట్టినా మరునాడు పొద్దున ఈగ దాన్నే తాగుతుంది. పాముపొడకి చిగురు లేతగా ఉన్నప్పుడే వేపనూనె కొట్టడం, ముడుచుకున్న చిగుళ్లు తుంచేయడం చేస్తే నేను ఈ మూడేళ్లుగా ఆ మందు అవసరం లేకుండానే గడుపుకొస్తా ఉన్నా. కాయ కొంచెం తగ్గిన ఏడాది ఉంది. ఖర్చు తగ్గింది కాబట్టి చేతికి మిగిలింది మాత్రం తగ్గలేదు.

నాలుగు. ఇటాలియన్ పెట్టెలు తెచ్చేవాళ్లు నల్లి ఉందో లేదో చూసుకునే తీసుకోండి. దానికి పెద్ద పరికరం అక్కర్లేదు. రాణి లేకుండా చూసి పిల్ల గదుల చట్రం మీంచి సుమారు 300 ఈగల్ని, అంటే అరకప్పు, జల్లెడ మూత ఉన్న సీసాలో వేయండి. రెండు స్పూన్ల పంచదార పొడి చల్లి, నిమిషం దొర్లించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, తెల్ల కాగితం మీద విదిలించండి. నల్లులు కాళ్ల పట్టు జారి పొడితో పాటు రాలతాయి. ఈగలు చావవు, తిరిగి పెట్టెలో వదలొచ్చు. అవి ఒకదాని ఒళ్లు ఒకటి నాకి శుభ్రం చేసుకుంటాయి. నూరు ఈగలకి మూడు నల్లులు మించితే పెట్టె ప్రమాదంలో ఉన్నట్టు. అప్పుడు వాము పువ్వు, ఫార్మిక్ ఆమ్లం లాంటివి వాడతారు. మోతాదు, వేడి, కాలం చూసి వాడాలి కాబట్టి తెలిసినోళ్లని అడగకుండా చెయ్యి పెట్టబాకండి.

ఐదు. పుట్ట ఈగ పెట్టెకి నల్లి మందు పెట్టబాకండి. దానికి అవసరం లేదు. ఎవరైనా అమ్మితే కొనబాకండి.

ఇంక పైవాళ్లకి ఒక మాట. 2017లో ఖాదీ కమిషన్ హనీ మిషన్ మొదలైంది. తర్వాత 500 కోట్లతో జాతీయ తేనెటీగల మిషన్ ప్రకటించినారు. మంచిదే. మా మెట్ట ప్రాంతానికి పెట్టెలిచ్చేటప్పుడు ఇటాలియన్ ఒక్కటే ఇవ్వకుండా పుట్ట ఈగ పెట్టెలూ ఇవ్వండి. ఏ పెట్టె ఇచ్చినా నల్లి గురించి ఒక పూట శిక్షణ కూడా ఇవ్వండి. పెట్టె ఇచ్చి విద్య ఇవ్వకపోతే రెండేళ్లకి ఆ పెట్టె కోళ్ల గూడవుతుంది.

మా అన్న సంగతి చెప్పి ముగిస్తా. ఆ రోజు ఆయన్ని పుట్ట దగ్గరికి తీసుకుపోయి, కాస్త దూరంలో కూర్చోబెట్టినా. పావుగంట చూసినాం. ఈగలు పసుపు పచ్చ పుప్పొడి ముద్దలు కాళ్లకి అంటించుకుని లోపలికి పోతా ఉన్నాయి. వాకిట్లో ఒక ఈగ ఆగి ఒళ్లు గడగడ ఊపింది. ఇంకోటొచ్చి దాని రెక్క కింద తల పెట్టింది. నల్లే ఉందో, దుమ్మే ఉందో మాకు కనపడలేదు. "అరె, మా ఆవు దూడని నాకినట్టుందే" అన్నాడు అన్న. పెట్రోలు మాట ఆ తర్వాత ఎత్తలేదు. పది పెట్టెలు ఐదుకి తగ్గించినాడు. ఆ ఐదు కూడా వద్దని నేను అనలేదు, నల్లి పరీక్ష మాత్రం నేర్పించినా.

మీ తోటలో, మీ గట్టు మీద పుట్ట ఈగ గూడు ఉంటే యాడుందో, ఎన్నేళ్లుగా ఉందో రాయండి. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఎన్ని గూళ్లు మిగిలినాయో మనమే లెక్క వేసుకుందాం. ఉన్నాయని తెలిస్తేనే గదా కాపాడుకునేది.